బంపర్‌లో పసుపు వెలుగు

నా కారుకి ఫాగ్ లైట్లు (పొగమంచులో, వానలో దారి కనిపించడానికి బంపర్‌లో కింద ఉండేవి) మార్చాను. నిజం చెప్పాలంటే సగం అందం కోసమే. మసకబారిన ఆ హాలోజెన్ లైట్లు చూసి చూసి విసుగొచ్చింది.

పాత దాంట్లోనే ఎల్‌ఈడీ బల్బు పెట్టేయమని చాలామంది చెప్పారు. నాకు నచ్చలేదు. పాత లైట్లోని రిఫ్లెక్టర్‌ని (వెలుగుని ముందుకి తిప్పే అద్దం లాంటిది) హాలోజెన్ బల్బులో ఫిలమెంట్, అంటే వెలిగే తీగ, ఉండే చోటుని బట్టి తయారుచేస్తారు. అందులో వేరే ఆకారం బల్బు పెడితే వెలుగు చెదిరిపోయి ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది. అందుకే సొంత లెన్స్ ఉన్న ప్రొజెక్టర్ యూనిట్లే తీసుకున్నా, 3000 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే కొలత) పసుపు రంగువి. 6000 కెల్విన్ తెల్లవి ఫొటోల్లో బావుంటాయి కానీ, వానలో తడి రోడ్డు మీద ఆ వెలుగులో నాకేమీ ఆనదు.

వైరింగ్‌కి టెన్షన్ లేదు. పాతవి ఒక్కోటి 55 వాట్లు, ఇవి అంతకంటే తక్కువే లాగుతాయి. ఉన్న రిలే (లైట్లకి కరెంటు కలిపే స్విచ్), ఫ్యూజే సరిపోయాయి.

అసలు పని గురి సరిచేయడంలోనే ఉంది. చదునైన నేల మీద, గోడకి 7.6 మీటర్ల దూరంలో కారు ఆపి, లైటు మధ్యభాగం ఎంత ఎత్తులో ఉందో గోడ మీద టేపు అంటించా. వెలుగు పై అంచు ఆ టేపుకి 10 సెంటీమీటర్లు కిందకి దిగేదాకా స్క్రూ తిప్పుతూనే ఉన్నా. ఇప్పుడు రోడ్డు అంచు, పక్కనున్న తెల్లగీత స్పష్టంగా కనిపిస్తున్నాయి. దూరం మాత్రం పెరగలేదు, అది హెడ్‌లైట్ల పని.