ఎండను హైడ్రోజన్‌గా దాచడం: అనుమతి కాగితం నుంచి లెక్క తేలేదాకా

సోలార్ కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తియ్యాలి, దాచాలి, రాత్రికి మళ్లీ కరెంటు చెయ్యాలి. ఈ మూడు పనుల్నీ ఒక చిన్న మైక్రోగ్రిడ్‌లో, అంటే తన కరెంటు తానే చేసుకుని వాడుకునే చిన్న విద్యుత్ వ్యవస్థలో, కలిపి నడపడమే నా పీహెచ్‌డీ. ఇలాంటి ప్రయోగ బెంచి కట్టాలనుకునే జూనియర్లు "అక్కా, పని ఎక్కడ ఆగిపోతుంది?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మాది నంద్యాల వైపు. పాణ్యం మండలం పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు వచ్చింది మా పక్కనే. పగటి ఎండ కరెంటుతో నీళ్లు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పే పద్ధతి అది. కొండా నీళ్లూ రెండూ ఉన్నచోట ఇది బాగానే ఉంది, లేనిచోట ఏం చెయ్యాలన్న ఆలోచనే నన్ను హైడ్రోజన్ వైపు తిప్పింది.

మా ఏర్పాటు చిన్నదే. మేడ మీద సోలార్ ప్యానెళ్లు, ఒక లిథియం బ్యాటరీ, కరెంటుతో నీటిని విడగొట్టే పెమ్ రకం ఎలక్ట్రోలైజర్ (దీని మధ్యలో ప్రోటాన్లను దాటనిచ్చే పలుచని పొర ఉంటుంది), హైడ్రోజన్‌ను తనలోకి పీల్చుకునే లోహపు పొడి నింపిన సిలిండర్, హైడ్రోజన్‌ను మళ్లీ కరెంటుగా మార్చే 1 కిలోవాట్ ఫ్యూయల్ సెల్, వాటన్నిటి మీదా ఒక కంట్రోలర్. ఆ లోహపు పొడినే మెటల్ హైడ్రైడ్ అంటారు. ల్యాబులోని లైట్లు, ఫ్యాన్లే లోడు.

వస్తువులు రాకముందే భద్రతా కమిటీ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. కమిటీలో ఒక పెద్దాయన మొదటి మాటే "ఏమ్మా, 1937లో హైడ్రోజన్ నింపిన హిండెన్‌బర్గ్ ఎయిర్‌షిప్ ఎట్లా కాలిపోయిందో చూశావా?" అన్నారు. ఆయన భయం న్యాయమైనదే. గాలిలో హైడ్రోజన్ 4 శాతం నుంచి 75 శాతం వరకు ఎంత కలిసినా అంటుకుంటుంది. మంట పగటి వెలుతురులో దాదాపు కనపడదు. వంటగ్యాసులో కలిపినట్టు వాసన మందు కలుపుదామంటే, అందులోని గంధకం ఫ్యూయల్ సెల్ ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తుంది. కంటికి కనపడక, ముక్కుకు తెలియక పోయే వాయువు కాబట్టి సెన్సరు ఒక్కటే దిక్కు.

దీనికి మేలైన గుణం కూడా ఉంది. గాలి కంటే దాదాపు పద్నాలుగు రెట్లు తేలిక. దారి ఇస్తే క్షణాల్లో పైకి వెళ్లి చెదిరిపోతుంది, దారి మూస్తే కప్పు కింద చేరుతుంది. అందుకే మా గదిలో అందంగా ఉన్న ఫాల్స్ సీలింగు మొత్తం పీకించాం. ఎగ్జాస్టు ఫ్యాను గోడలో అన్నిటికంటే ఎత్తున పెట్టించాం, సెన్సరు దానికి పక్కనే. గాలిలో హైడ్రోజన్ 0.4 శాతం దాటితే అలారం మోగాలి, 1 శాతం దాటితే ఎలక్ట్రోలైజర్‌కు కరెంటు తెగిపోయి వాల్వులు మూసుకోవాలి. ఈ తెగ్గొట్టే పని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించలేదు. నేరుగా రిలేతో, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చుతో, వైరింగు చేశాం. కంప్యూటరు హ్యాంగయినా రిలే పని చేస్తుంది.

కమిటీని ఒప్పించింది మాత్రం పక్కగది. అక్కడ యూపీఎస్ కోసం లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఏళ్ల తరబడి ఉన్నాయి. ఛార్జింగ్ చివరి దశలో అవి కూడా హైడ్రోజన్ వదులుతాయి. సెన్సరు తీసుకెళ్లి ఆ గదిలో పెట్టి చూపించాను. అంకె కదిలింది, ప్రమాద స్థాయికి చాలా కిందే అయినా కదిలింది. అప్పటినుంచి "ఇది అసలు వద్దు" అన్న మాట పోయి "ఎట్లా పెడదాం" అన్న చర్చ మొదలైంది. ఆ గదికి కూడా కొత్త ఎగ్జాస్టు వచ్చింది.

తర్వాత నీళ్లు. వెయ్యి లీటర్ల హైడ్రోజన్ బరువు సుమారు 90 గ్రాములు, దాన్ని తియ్యడానికి లీటరు నీళ్లు కూడా పట్టవు. కానీ ఆ నీళ్లు ఎంత శుద్ధంగా ఉండాలంటే, విద్యుత్ వాహకత సెంటీమీటరుకు 1 మైక్రోసీమెన్స్ కంటే తక్కువ ఉండాలి. తాగడానికి పనికొచ్చే ఆర్వో నీళ్లు దీనికి పనికిరావు. మా బోరునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి ఎలక్ట్రోలైజర్ పొరలో ప్రోటాన్లు కూర్చోవాల్సిన చోట్లలో తిష్ట వేస్తాయి, ఒకసారి చేరాక వదలవు. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాల అయాన్లను పట్టేసే డీఅయనైజేషన్ రెజిన్ గొట్టం, దాని తర్వాత కండక్టివిటీ మీటరు పెట్టి, మీటరు ఒప్పుకుంటేనే పంపు తిరిగేలా కట్టాం. బడ్జెట్ రాసేటప్పుడు ఎలక్ట్రోలైజర్ ధర అందరూ రాస్తారు, ఈ నీళ్ల వ్యవస్థను మర్చిపోవద్దు.

లీకు పరీక్ష ఓపికతో చేసే పని. హైడ్రోజన్ అణువు చాలా చిన్నది, నీళ్లు ఆగిన జాయింటులోంచి ఇది పోతుంది. మేం ముందు నైట్రోజన్ నింపి, పీడనం ఎక్కించి, రాత్రంతా వదిలేశాం. పొద్దున గేజీ కొంచెం దిగి ఉంది. మా టెక్నీషియన్ అన్న వెంటనే స్పానరు తియ్యలేదు. "రాత్రి చలికి కూడా దిగుతుంది కదమ్మా, ఉష్ణోగ్రత లెక్క చూడు" అన్నారు. చూస్తే ఆ తగ్గుదలలో చాలావరకు చల్లదనానిదే, మిగిలింది మాత్రం లీకే. సబ్బు నురగతో ఒక్కో జాయింటూ తడిపి పట్టుకున్నాం. అది టెఫ్లాన్ టేపు చుట్టిన మర జాయింటు. దాన్ని తీసేసి కంప్రెషన్ ఫిట్టింగు వేశాక గేజీ నిలబడింది.

మొదటిసారి సిలిండర్ నింపేటప్పుడు హైడ్రైడ్ స్వభావం అర్థమైంది. హైడ్రోజన్‌ను పీల్చుకునేటప్పుడు ఆ లోహం వేడెక్కుతుంది, వదిలేటప్పుడు చల్లబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మా గది 40 డిగ్రీలు దాటితే సిలిండర్ నిండనంటుంది, ఎందుకంటే వేడి పెరిగేకొద్దీ నింపడానికి కావాల్సిన పీడనం కూడా పెరుగుతుంది. చుట్టూ చల్లటి నీళ్లు తిప్పితేనే నిండింది. రాత్రి వాడుకునేటప్పుడు తిరగబడింది: సిలిండర్ మీద మంచు పేరుకుని, పీడనం పడిపోయి, ఫ్యూయల్ సెల్ ఆగిపోయింది. ఫ్యూయల్ సెల్ తనలోకి వెళ్లిన శక్తిలో సగం వేడిగా వదిలేస్తుంది. ఆ వేడి నీళ్లనే సిలిండర్ చుట్టూ తిప్పుదామన్నది మా గైడ్ సార్ సలహా. పారబోసే వేడే సిలిండర్‌ను కాచింది. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. ఇంకోటి, ఎలక్ట్రోలైజర్ నుంచి వచ్చే హైడ్రోజన్‌లో తేమ ఉంటుంది, ఆ తేమ హైడ్రైడ్‌ను చెడగొడుతుంది కాబట్టి మధ్యలో డ్రయ్యర్ తప్పనిసరి.

ఇక స్మార్ట్ గ్రిడ్ సంగతి, అంటే ఏ పరికరానికి ఎప్పుడు ఎంత కరెంటు ఇవ్వాలో కంట్రోలర్ తేల్చే పని. మేఘం అడ్డొస్తే ప్యానెళ్ల ఉత్పత్తి నిమిషంలో సగానికి పడిపోతుంది. ఎలక్ట్రోలైజర్‌ను నేరుగా ఆ ఎగుడుదిగుళ్లకు వదిలేస్తే రెండు నష్టాలు. మాటిమాటికీ ఆగి నడవడం వల్ల దాని ఆయుష్షు తగ్గుతుంది. అంతకంటే ముఖ్యం, మరీ తక్కువ లోడులో నడిస్తే పొరగుండా హైడ్రోజన్ ఆక్సిజన్ వైపు చేరి, అక్కడ మిశ్రమం ప్రమాదకరంగా మారుతుంది. అందుకే మధ్యలో బ్యాటరీ. వాన ఎట్లా కురిసినా చెరువు పట్టుకుని కాలవకు నిలకడగా వదిలినట్టు, బ్యాటరీ ఒడిదుడుకుల్ని తాను భరించి ఎలక్ట్రోలైజర్‌కు నిలకడైన కరెంటు ఇస్తుంది. బ్యాటరీ బాగా నిండాకే ఎలక్ట్రోలైజర్ మొదలవ్వాలి, బాగా తగ్గితేనే ఆగాలి. ఈ రెండు గీతల మధ్య ఎంత దూరం ఉండాలన్నదాని మీదే నా పరిశోధనలో పెద్ద భాగం గడిచింది. దూరం తక్కువైతే ఆగడాలు పెరుగుతాయి, ఎక్కువైతే బ్యాటరీలో జాగా వృథా. దేశంలో కరెంటు షెడ్యూలు రోజుకు 96 పావుగంటలుగా నడుస్తుంది కాబట్టి మా కంట్రోలర్ కూడా ప్రతి పావుగంటకూ మళ్లీ ఆలోచించుకుంటుంది. దానికి రాబోయే గంటల మేఘాల అంచనా ఇచ్చాక ఆగడాలు బాగా తగ్గాయి.

ఒక సాయంత్రం గ్రిడ్ స్విచ్ తీసేసి, పగలు దాచిన హైడ్రోజన్ మీదే ల్యాబు నడిపాం. లైట్లు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి. మర్నాడు కూర్చుని లెక్క రాశాను.

వెయ్యి లీటర్ల హైడ్రోజన్‌లో ఉన్న శక్తి 3 యూనిట్లు. దాన్ని తియ్యడానికి మా చిన్న ఎలక్ట్రోలైజర్, పంపులు, డ్రయ్యర్ కలిపి ఐదున్నర యూనిట్లకు పైనే తీసుకున్నాయి. ఫ్యూయల్ సెల్ తిరిగిచ్చింది ఒకటిన్నర లోపే. అంటే వేసినదాంట్లో పావు వంతు. పెద్ద యంత్రాలతో మూడో వంతు, ఇంకొంచెం పైకి వెళ్లొచ్చు. అదే రోజువారీ నిల్వలో మంచి లిథియం బ్యాటరీ నూటికి ఎనభై అయిదుకు పైగా, పంప్డ్ స్టోరేజీ డెబ్బై అయిదు, ఎనభై దాకా తిరిగిస్తాయి.

ఈ లెక్క చూసి హైడ్రోజన్ వద్దనను, దానికి ఏ పని ఇవ్వాలో తేలిందంటాను. ఎండ కరెంటును వచ్చినప్పుడే వాడేసుకోవడం అన్నిటికంటే చవకైన నిల్వ. మన వైపు వ్యవసాయ మోటార్లకు పగటిపూటే తొమ్మిది గంటలు కరెంటు ఇవ్వడం సరిగ్గా అదే పని: సోలార్ ఉన్నప్పుడు నీళ్లు చేలోకి పోతాయి, మధ్యలో నష్టమే లేదు. ఆ తర్వాత మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి జరపాల్సింది బ్యాటరీ, శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రం లాంటి చోట వెనక్కి తిరిగి నీళ్లు పైకి తోడగల రివర్సిబుల్ టర్బైన్లు. వీటన్నిటికీ అందనిదే హైడ్రోజన్‌కు వెళ్లాలి: వారాల ముసురు, లైను చేరని ఊళ్లు, ఎరువుల తయారీ. విశాఖ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రం గెస్ట్‌హౌస్ కోసం ఎన్టీపీసీ 2021 డిసెంబరులో ప్రకటించిన మైక్రోగ్రిడ్‌లో పగలు నడిచే ఎలక్ట్రోలైజర్ 240 కిలోవాట్లు, సాయంత్రం 5 నుంచి ఉదయం 7 దాకా నడిచే ఫ్యూయల్ సెల్ 50 కిలోవాట్లు. ఆ తేడాలో గంటల తేడాతో పాటు నష్టం కూడా ఉంది. ఇది డీజిల్ జనరేటర్ల మీద బతికే లడఖ్ లాంటి ప్రాంతాలకు దారి చూపుతుందని వాళ్లు ఆనాడే చెప్పారు. అక్కడ పోటీ బ్యాటరీతో కాదు, కొండెక్కి రావాల్సిన డీజిల్‌తో. ఆ చోట పావు వంతు తిరిగొచ్చినా విలువైనదే.

2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్లతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించాక ఈ రంగంలోకి వచ్చే విద్యార్థులు పెరిగారు. వాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: మొదటి రోజు నుంచి ప్రతి పరికరానికీ ముందూ వెనకా ఒక ఎనర్జీ మీటరు పెట్టుకోండి. పంపు తాగిన కరెంటు కూడా లెక్కలోకి రావాలి.

ఇప్పుడు మా కంట్రోలర్‌లో వరస మార్చాను. ముందు లోడు, తర్వాత బ్యాటరీ, అన్నీ నిండాకే ఎలక్ట్రోలైజర్. ఏడాది పొడవునా మేడ మీద నమోదైన ఎండ వివరాల మీద దాన్ని నడిపి చూస్తున్నాను. ఆషాఢ, శ్రావణాల ముసురులో బ్యాటరీ చాలని రోజులు ఎన్ని వస్తాయి, వాటికి ఎంత హైడ్రైడ్ కావాలి అన్నది థీసిస్‌లో మిగిలిన అధ్యాయం.