సీనియర్లు వెళ్ళిపోయిన టీమ్‌లో మన పిల్లాడు

చెన్నైలో కాలేజీ బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలున్న తెలుగు ఇళ్ళలో కొత్త సంవత్సరం మొదలవగానే ఒకటే లెక్క: పాయింట్ గార్డ్ (బంతి తెచ్చి ఆట నడిపేవాడు), సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగువాడు), మంచి షూటర్ ముగ్గురూ ఫైనలియర్ ముగించుకుని వెళ్ళిపోయారు, మావాడికి ఛాన్స్ వచ్చినట్టే. వస్తుంది. టీమ్ మాత్రం మొదటి టోర్నమెంట్లలో ఓడుతుంది. ఎందుకో ఇంట్లోవాళ్ళకు తెలిసుంటే మంచిది.

షూటర్ వేసే పాయింట్లు పోయాయని అందరూ బాధపడతారు గానీ, వాటిని ఇద్దరు ముగ్గురు కలిసి ఎలాగోలా పూడుస్తారు. అసలు దెబ్బ పాయింట్ గార్డ్ దగ్గరే. బంతి 8 సెకన్లలో సగం కోర్టు దాటాలి. గార్డ్ కొత్తవాడని తెలిస్తే అవతలి కోచ్ మొదటి క్వార్టర్ నుంచే ఫుల్ కోర్ట్ ప్రెస్ వేయిస్తాడు, అంటే కోర్టంతా వెంటపడి అడ్డుకోవడం. కుర్రాడు కంగారులో సైడ్‌లైన్ పట్టుకుని డ్రిబుల్ చేస్తాడు, సగం గీత దాటగానే మూలలో ఇద్దరు కమ్ముకుంటారు. వెనక్కి వేస్తే బ్యాక్‌కోర్ట్ వయొలేషన్ (బంతి అవతలివాళ్ళకు పోతుంది), పక్కన గీత, ఎదురుగా నాలుగు చేతులు. దీనికి విరుగుడు, బంతి తెచ్చే పని ఇద్దరికి పంచడం. సెంటర్ నడిమధ్యకు వచ్చి చెయ్యెత్తాలి, డ్రిబుల్ ఆగకముందే పాస్ వెళ్ళాలి. ప్రాక్టీసులో ఐదుగురి మీద ఏడుగురిని నిలబెట్టి ఆడించాలి. పదిసార్లలో ఏడుసార్లు దాటుతున్నారంటే మ్యాచ్‌లో నిలబడతారు.

కొత్త సెంటర్ ఎత్తు ఉంటే సరిపోదు. చేతులు కిందికి దించి కొట్టే అలవాటుంటే ఐదో ఫౌల్‌తో బయటికే. మొదటి క్వార్టర్లో రెండు ఫౌల్స్ పడగానే కూర్చోబెట్టడం మేలు. అతన్ని కాపాడటానికి 2-3 జోన్ (ముందు ఇద్దరు, బుట్ట దగ్గర ముగ్గురు ఎవరి చోటు వాళ్ళు కాసే పద్ధతి) వేస్తారు, అప్పుడు మూలల నుంచి త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల బుట్టలు) పడతాయి. సెంటర్‌ని కాపాడటం, త్రీలు ఆపడం రెండూ ఒకేసారి కుదరవు.

మన ఇళ్ళకు సంబంధించిన చిక్కు వేరే ఉంది. సెకండియర్ కుర్రాడు గార్డ్ అయితే ఫైనలియర్ అన్నల మీద అరవాలి. ‘అన్నా, లెఫ్ట్ స్క్రీన్! (ఎడమ పక్క అవతలివాడు అడ్డు నిలబడ్డాడు) అన్నా, దిగు!’ అని పిలుపు ఒక్క క్షణం ఆలస్యమైతే రెండు పాయింట్లు పోయినట్టే. పెద్దవాళ్ళ ముందు గొంతెత్తకూడదని పెంచిన పిల్లాడికి ఇది డ్రిబుల్ కన్నా కష్టం. దానికితోడు ఇంట్లో తెలుగు, కోర్టులో తమిళం. మ్యాచ్ చూడటానికి వెళ్ళిన తల్లిదండ్రులు ‘ఏంట్రా ఆ అరుపులు, పెద్దా చిన్నా లేదా’ అని ఇంటికొచ్చి మందలిస్తే తర్వాతి మ్యాచ్‌లో నోరు మూసుకుంటాడు. అలా మందలించకండి. అన్నా అంటూనే అరుస్తున్నాడు కదా, మర్యాద ఎక్కడికీ పోలేదు. సీనియర్లు కూడా పిలుపు రాకపోతేనే విసుక్కుంటారు.

ఆడే సమయం ఐదారు నిమిషాల నుంచి ఒక్కసారిగా ఇరవై ఐదుకు పెరిగితే తొడ కండరాలు పట్టేస్తాయి. కొన్ని వారాల ముందు నుంచే పరుగు, స్క్వాట్లు పెంచుకుంటూ రావాలి. మ్యాచ్‌కి మూడు గంటల ముందు ఇడ్లీలో, పెరుగన్నమో. ఆవకాయ రాత్రికి. చెన్నై ఉక్కలో ఉప్పేసిన మజ్జిగను మించింది లేదు.

సంక్రాంతి సంగతి ముందే తేల్చుకోవాలి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, టోర్నమెంట్ తేదీలు తరచూ ఆ తర్వాతే తెలుస్తాయి. చెన్నై-విజయవాడ రైలు పినాకినీలో ఇంటిల్లిపాదికీ చేయించేటప్పుడు పిల్లాడి టికెట్ కూడా కలిపి చేయించినా, అవసరమైతే వాడిదొక్కటే రద్దు చేసుకోవచ్చు. అమ్మమ్మకు కూడా ఆ మాట ముందే చెప్పి ఉంచండి, పండగ ముందురోజు ఫోన్లో కాదు.

చివరగా ఓడీ, అంటే ఆన్ డ్యూటీ: టోర్నమెంట్‌కి వెళ్ళిన రోజులను హాజరుగా లెక్కించడం. హాజరు 75 శాతం దగ్గర ఊగిసలాడే పిల్లాడికి టోర్నమెంట్ రోజుల ఓడీ లెటర్ మీద హెచ్ఓడీ (శాఖాధిపతి) సంతకం బయల్దేరక ముందే పడాలి. తిరిగొచ్చాక తెస్తే చాలాచోట్ల ఒప్పుకోరు. థియరీ నోట్స్ స్నేహితుల దగ్గర దొరుకుతాయి, పోయిన ల్యాబ్ మాత్రం మళ్ళీ పెట్టించుకోవాలి. ఆ తేదీ కూడా వెళ్ళేముందే అడిగి రాయించుకోమనండి.