థర్మకోల్ కోసే తీగ: మూడున్నర ఓమ్‌ల లెక్క

శనివారం

సంక్రాంతి బొమ్మల కొలువులో ఈసారి ఐదంతస్తుల గోపురం పెట్టాలని అమ్మ కోరిక. థర్మకోల్‌ని బ్లేడుతో కోస్తే అంచులు పూసలు పూసలుగా రాలిపోతాయి. అందుకే వేడి తీగతో కోసే కట్టర్ మొదలుపెట్టాను. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న 28 గేజి నైక్రోమ్ (నికెల్, క్రోమియం కలిసిన లోహం) తీగ, ఒక చెక్క ఫ్రేము, తీగ వేడికి సాగినా బిగుతు పోకుండా ఓ చిన్న స్ప్రింగు. రెండు కొసల మధ్య తీగ 35 సెంటీమీటర్లు.

28 గేజి అంటే 0.376 మిల్లీమీటర్ల మందం. ఆ లెక్కన రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, మీటరు పొడవుకు దాదాపు 9.8 ఓమ్‌లు, నా ముక్కకు 3.4. వోల్టులు, ఆంపియర్లు, ఓమ్‌లు కొలిచే మల్టీమీటర్‌ని 200 ఓమ్‌ల రేంజిలో పెడితే 4.1 చూపించింది. దాని ప్రోబులు (కొలిచే మొనలు) రెంటినీ ఒకదానికొకటి తాకిస్తేనే 0.6 ఉంది, అది తీసేస్తే 3.5. ఇంత చిన్న రెసిస్టెన్స్ దగ్గర ప్రోబుల వైర్లే లెక్క చెడగొడతాయి. కరెంటు పారుతున్నప్పుడు వోల్టులు, ఆంపియర్లు కొలిచి భాగించుకోవడమే నాకు నమ్మకం.

ఆదివారం

ఎల్‌ఈడీ స్ట్రిప్పులకు వాడే 12 వోల్టుల, 5 ఆంపియర్ల అడాప్టర్‌ను క్రొకొడైల్ క్లిప్పుల (పళ్లతో కరిచి పట్టుకునే క్లిప్పుల) వైర్లతో తగిలించాను. 12ని 3.5తో భాగిస్తే 3.4 ఆంపియర్లు రావాలి. వచ్చింది 2.6. అడాప్టర్ దగ్గర వోల్టేజి 11.9 ఉంది. 11.9 ÷ 2.6 అంటే 4.6 ఓమ్‌లు! వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది నిజమే, కానీ నైక్రోమ్‌లో ఆ పెరుగుదల నూటికి ఏ నాలుగైదు పాళ్లో ఉంటుంది. బల్బులోని టంగ్‌స్టన్ అయితే వేరు, 60 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు 230 × 230 ÷ 60, అంటే సుమారు 880 ఓమ్‌లు. చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే అందులో పదో వంతు కూడా ఉండదు. ఇక్కడ అలాంటిదేమీ లేదు.

మోటార్లు రీవైండింగ్ చేసే బాబాయి దగ్గరికి రెండో మీటర్ అడగడానికి వెళ్లి విషయం చెప్పాను.

"వోల్టేజి ఎక్కడ పట్టావురా?"

"అడాప్టర్ దగ్గర, బాబాయ్."

"తీగ కొసల మీద పట్టి చూడు. నీ క్లిప్పులు ఎంత తింటున్నాయో తెలుస్తుంది."

తీగ కొసల మీద 9.1 వోల్టులే ఉన్నాయి. 9.1 ÷ 2.6 = 3.5. తీగ సరిగ్గానే ఉంది. మిగతా 2.8 వోల్టులు దారిలో పోతున్నాయి. ఒక్కో ముక్కా వెతికాను. ఒక క్రొకొడైల్ క్లిప్పు వైరు మీద 1.2, రెండోదాని మీద 1.1, ఆంపియర్ల మీటరూ దాని ప్రోబులూ కలిపి 0.5. 1.2 × 2.6 అంటే ఒక్క క్లిప్పు వైరులోనే మూడు వాట్లకు పైగా. పట్టుకుంటే వేలు కాలింది. ప్లాస్టిక్ తొడుగు వెనక్కి లాగి చూస్తే లోపల సోల్డర్ లేదు, నాలుగైదు రాగి పోగులను రేకు కింద నొక్కి వదిలేశారు.

సోమవారం రాత్రి

క్లిప్పులు తీసేసి, ఇంటి వైరింగుకు వాడే 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేశాను. తీగ కొసలను ఇత్తడి బోల్టుకు చుట్టి, రెండు వాషర్ల మధ్య బిగించాను. ఇప్పుడు తీగ మీద 11.2 వోల్టులు, 3.15 ఆంపియర్లు. గుణిస్తే 35 వాట్లు, సెంటీమీటరుకు ఒక వాటు. తీగ ఎర్రగా కాగింది. థర్మకోల్ తెగలేదు, తీగ తగలకముందే కరిగి వేలు పట్టేంత సందు ఏర్పడింది. పొగ ఘాటుగా ఉంది. కిటికీలు తీసి, ఫ్యాను బయటికి తిప్పి పెట్టుకోకుండా ఈ పని చేయకూడదు.

మీటరుతో జాగ్రత్త: నాలాంటి చవక మీటర్లలో 10 ఆంపియర్ల రంధ్రానికి ఫ్యూజు ఉండదు, పది సెకన్లకు మించి వాడొద్దని పక్కనే రాసి ఉంటుంది. ఎర్ర ప్రోబు అందులోనే మరిచిపోయి వోల్టేజి కొలవబోతే అది నేరుగా షార్టు. కరెంటు చూడగానే ప్రోబు మార్చడం చేతికి అలవాటు కావాలి.

బుధవారం

సోమవారం నాటి వేడి మరీ ఎక్కువ. నాకు కావలసింది అందులో సగం కరెంటు, ఒకటిన్నర ఆంపియర్లు. 1.5 × 3.5 = 5.25 వోల్టులు. అంటే పాత ఫోన్ ఛార్జర్ చాలు! 5 వోల్టులు, 2 ఆంపియర్లది ఒకటి తీసి, కేబుల్ కోసి, ఎరుపు నలుపు వైర్లు కలిపాను. తీగ మీద 4.6 వోల్టులు, 1.32 ఆంపియర్లు. ఆరు వాట్లు. కోత నున్నగా ఉంది గానీ నెమ్మది.

ఇక్కడ చాలామంది తీగ పెంచుతారు. తగ్గించాలి. వోల్టేజి దాదాపు అంతే ఉన్నప్పుడు రెసిస్టెన్స్ తగ్గితే కరెంటు పెరుగుతుంది, పైగా ఆ వేడి తక్కువ పొడవులో సర్దుకోవాలి. 30 సెంటీమీటర్లకు కుదించాను: 4.5 వోల్టులు, 1.52 ఆంపియర్లు, 2.96 ఓమ్‌లు, 6.8 వాట్లు. సెంటీమీటరుకు 0.17 వాట్లు ఉన్నది 0.23కు వచ్చింది.

ఆంపియర్ల మీటర్ తీసేస్తే దాని వాటా వోల్టేజి కూడా తీగకే వస్తుంది. రెసిస్టెన్స్ తెలిసిపోయింది కాబట్టి ఇక వోల్టులు ఒక్కటే చూస్తే చాలు: 4.75 × 4.75 ÷ 2.96, సుమారు 7.6 వాట్లు. కరెంటు 1.6. ఛార్జర్ హద్దుకు లోపలే.

రెండంగుళాల షీటులో గోపురం కింది అంతస్తు కోశాను. సందు మిల్లీమీటరుకు అటూ ఇటూ, అంచు పాలమీగడలా ఉంది. అమ్మ వేలితో తడిమి చూసి, మిగతా నాలుగు అంతస్తులకూ కాగితం మీద కొలతలు వేసి ఇచ్చింది.