డ్రాప్ ఫారం నింపేముందు

చెన్నైలో మన గణిత విభాగంలో చదివి వెళ్లిన తెలుగువాళ్లు ఏ బ్యాచ్‌వాళ్లు ఎక్కడ కలిసినా మాటల్లోకి మూడో సెమిస్టరు రియల్ అనాలిసిస్, అంటే అవధులనూ అవిచ్ఛిన్నతనూ నిరూపణలతో చదివే ఆ కోర్సు, రాక మానదు. పట్టుబట్టి ఉంచుకున్నవాళ్లున్నారు, డ్రాప్ చేసి మరుసటి ఏడు చదివినవాళ్లున్నారు, ఏదీ తేల్చుకోలేక నవంబరు దాకా లాక్కొచ్చినవాళ్లూ ఉన్నారు. మొదటి రెండు రకాలవాళ్లూ నిలదొక్కుకున్నారు. దెబ్బతిన్నది మూడోరకం వాళ్లే. అందుకని ఈ సంచికలో పాత ఫొటోల పక్కన, ఇప్పుడు అవే బల్లల మీద కూర్చున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పనికొచ్చేలా ఆ నిర్ణయం గురించే రాస్తున్నాను.

మన వైపు నుంచి ఎంపీసీ చదివి చెన్నై వచ్చినవాళ్లకు ఈ కోర్సు ఎందుకంత గట్టిగా తగులుతుంది? మా కాలపు ఇంటర్ లెక్కల పేపరు ఒక్కొక్కటి 75 మార్కులకు. రెండేసి మార్కులవి పది, నాలుగేసి మార్కులవి ఏడింటిలో ఐదు, ఏడేసి మార్కులవి ఏడింటిలో ఐదు. సరళరేఖాయుగ్మాల నుంచి ఏది వస్తుందో, దిక్ కొసైన్ల నుంచి ఏది వస్తుందో ముందే తెలుసు. అదే నమూనా లెక్కను ముప్పైసార్లు చేస్తే చేయి దానంతటది నడుస్తుంది. ఆ సాధనను నేను తక్కువ చెయ్యను. గంటల తరబడి కదలకుండా కూర్చునే ఓపిక అక్కడే వచ్చింది. కాని అనాలిసిస్‌లో ప్రశ్న ‘కనుక్కోండి’ అని ఉండదు. ‘నిరూపించండి, లేదా తప్పని చూపండి’ అని ఉంటుంది. అసలు ఆ వాక్యం నిజమో కాదో కూడా మనమే తేల్చాలి. అలాంటి ప్రశ్నకు నమూనా ఉండదు కాబట్టి మొదటి క్విజ్‌లో 20కి 5, 6 రావడం మామూలే. ఆ అంకె చూసి ఫారం కోసం పరుగెత్తకండి.

అసలు చిక్కు చాలామందికి లెక్కలో కాదు, వాక్యంలో ఉంటుంది. ‘ప్రతి తాళానికీ ఒక తాళంచెవి ఉంది’ అన్నా, ‘ఒకే తాళంచెవి ప్రతి తాళానికీ పడుతుంది’ అన్నా ఉన్నవి అవే మాటలు. ఇంట్లో మాత్రం ఈ రెంటినీ ఎవరూ కలిపెయ్యరు. అవిచ్ఛిన్నతలో ఎప్సిలాన్ అంటే ప్రమేయం విలువలో మనం ఒప్పుకునే తేడా, డెల్టా అంటే అందుకోసం బిందువుకు ఎంత దూరంలోపల ఉండాలో ఆ దూరం. అది మొదటి రకం వాక్యం: బిందువు మారినా, ఎప్సిలాన్ మారినా డెల్టా మారవచ్చు. ఏకరూప అవిచ్ఛిన్నత, అంటే తరగతిలో యూనిఫాం కంటిన్యుటీ అనేది, బిందువుల విషయంలో రెండో రకం: ఎప్సిలాన్ ఇచ్చాక అన్ని బిందువులకూ ఒకే డెల్టా పడాలి. ఎక్స్ వర్గం అనే ప్రమేయాన్ని తీసుకోండి. ఎక్స్ 2 దగ్గర దాని అవిచ్ఛిన్నత చూపాలంటే, 1, ఎప్సిలాన్‌లో ఐదోవంతు, ఈ రెంటిలో చిన్నదాన్ని డెల్టాగా తీసుకుంటే చాలు. ఎక్స్‌కూ 2కూ దూరం 1 కంటే తక్కువైతే ఎక్స్ ప్లస్ 2 విలువ 5 దాటదు, ఆ ఐదు అక్కణ్నుంచి వచ్చింది. అదే 100 దగ్గర ఐదు సరిపోదు, 201 కావాలి. పైకి వెళ్లేకొద్దీ డెల్టా చిక్కిపోతూనే ఉంటుంది. సంఖ్యారేఖ మొత్తానికీ పడే తాళంచెవి లేదని చూపడానికి ఎన్, ఎన్ ప్లస్ ఒకటి బై ఎన్ అనే జంట చాలు. ఆ రెంటి మధ్య దూరం సున్నాకు పోతుంది, వర్గాల మధ్య తేడా మాత్రం ఎప్పుడూ 2 కంటే ఎక్కువే.

ఈ పేరాను పుస్తకం మూసి సొంత మాటల్లో, తెలుగులోనే, పక్కవాళ్లకు చెప్పగలిగితే మీరు కోర్సులోనే ఉన్నట్టు. క్లాసు ఇంగ్లీషులో జరుగుతుంది, మధ్యమధ్య తమిళంలోకి జారుతుంది. ఈ రెంటి మధ్యా నిర్వచనం తోక తెగిపోతుంది. తమిళంలో చెప్పిన భాగాన్ని మళ్లీ చెప్పమని అడిగితే కాదనే మాస్టార్లు అరుదు, అడగడానికి మొహమాటపడకండి. గదికొచ్చాక ప్రతి నిర్వచనాన్నీ తెలుగు వాక్యంగా రాసుకుని, దాని కింద దాని వ్యతిరేకం రాయండి. ‘ఈ బిందువు దగ్గర ప్రమేయం అవిచ్ఛిన్నం కాదు’ అంటే ఏమిటి? ‘ఎప్సిలాన్ ఒకటి ఉంది, ఏ డెల్టా తెచ్చినా, ఆ దూరంలోపలే ఒక ఎక్స్ దొరుకుతుంది, అక్కడ ప్రమేయం ఎప్సిలాన్‌కు తగ్గకుండా తప్పుకుంటుంది.’ వ్యతిరేకం రాయడం రానివాళ్లకు నిర్వచనం కంఠతా వచ్చినట్టే తప్ప అర్థమైనట్టు కాదు.

ఇక తేల్చుకునే పని. అయిదో వారంలో, డ్రాప్ గడువుకు కనీసం పది రోజుల ముందు, ఒక ఆదివారం పొద్దున తెల్లకాగితాలు ముందేసుకోండి. అప్పటిదాకా వచ్చిన ఎనిమిది నిర్వచనాలు రాయాలి: సుప్రీమమ్, అభిసరణ అనుక్రమం, కోషీ అనుక్రమం, ఉపానుక్రమం, అవధి, అవిచ్ఛిన్నత, వివృత సమితి, సంవృత సమితి. ఒక్కోదానికి అది వర్తించే ఉదాహరణ ఒకటి, వర్తించనిది ఒకటి. నలభై నిమిషాలు పెట్టుకోండి. ఆరో, అంతకంటే ఎక్కువో సరిగ్గా వస్తే డ్రాప్ మాట మరిచిపోవచ్చు. మూడు నుంచి ఐదు వస్తే మూడు వారాల గట్టి పని సరిపోతుంది. మూడులోపయితే రెండో పరీక్ష చెయ్యాలి: క్విజ్ పేపరునే గడియారం లేకుండా, నోట్సు లేకుండా మళ్లీ రాయండి. 6 వచ్చినచోట 14 వస్తే మీకు తక్కువైంది వేగం, అది టుటోరియల్ షీట్లతో వస్తుంది. మళ్లీ 7 దగ్గరే ఆగితే లోటు ఈ కోర్సులో కాదు, దీనికి ముందున్నదానిలో: సమితులు, ప్రమేయాలు, అసమానతలు, ఆగమన పద్ధతి. ముఖ్యంగా అసమానతలు. త్రిభుజ అసమానత చేతికి రాకపోతే ప్రతి నిరూపణా రెండో లైనులోనే ఆగిపోతుంది.

ఈ రెండు పరీక్షలతోపాటు ఒక వారంపాటు గంటల లెక్క రాయండి, నిజాయితీగా. నాలుగు క్రెడిట్ల అనాలిసిస్‌కు తరగతి కాక వారానికి ఎనిమిది గంటలు తక్కువలో తక్కువ. ఆరు కోర్సులు, రెండు ల్యాబులు, వేళచ్చేరి నుంచి రోజూ లోకల్ రైల్లో రాకపోకలు ఉన్నవాళ్లకు అన్ని గంటలు దొరక్కపోవచ్చు. అలాంటప్పుడు డ్రాప్ చెయ్యాల్సింది అనాలిసిసే కానక్కర్లేదు. తర్వాత దేనికీ అడ్డురాని ఎలెక్టివ్ ఉంటే ముందు దాన్ని తప్పించండి. ఇది చాలామందికి తట్టదు, కష్టమైనదాన్నే వదలాలనుకుంటారు.

ఎందుకంటే అనాలిసిస్ వెనక పెద్ద వరుసే ఉంది. కాంప్లెక్స్ అనాలిసిస్, టోపాలజీ, మెజర్ థియరీ, ఫంక్షనల్ అనాలిసిస్, సీరియస్‌గా చదివే ప్రాబబిలిటీ, అన్నీ దీని మీదే నిలుస్తాయి. ఏడాదికి ఒక్కసారే పెట్టే కోర్సయితే ఆగస్టులో వదిలింది మళ్లీ వచ్చే ఆగస్టులోనే. జనవరిలో దీన్ని అడిగే కోర్సు ఏదైనా ఉందా అని విభాగం నోటీసు బోర్డులో కరిక్యులం పట్టిక చూసి గీత గీసుకోండి. ఎమ్మెస్సీకి వెళ్లాలనుకునేవాళ్లు ఇంకోటి చూడాలి. ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశపరీక్ష జామ్ ఫిబ్రవరిలో జరుగుతుంది. దాని గణితం సిలబస్‌లో అనుక్రమాలు, శ్రేణులు, ఏకచలరాశి ప్రమేయాలు ముందువరసలో ఉంటాయి. సిరుసేరిలోని చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశపరీక్షలో నిరూపణలు రాయాలి. మూడో ఏడాదికి అనాలిసిస్ తోసేస్తే ఆ పరీక్షల తయారీ, కోర్సు ఒకే శీతాకాలంలో మీదపడతాయి. కుదరదని కాదు, ముందే తెలిసి ఉండాలి.

మార్కుల లెక్క కూడా కాగితం మీదే చెయ్యండి, భయంతో కాదు. రెండు క్విజ్‌లు చెరో 20, చివరి పరీక్ష 60 అనుకుందాం. మొదటిదానిలో 6, రెండోదానిలో 10 వస్తే 40తో పాసవడానికి చివర 60కి 24 చాలు. కాని మొత్తం 60 కావాలంటే 44 తెచ్చుకోవాలి, అది వేరే సంగతి. సీజీపీఏ కూడా ఇలాగే. మొదటి ఏడాది 44 క్రెడిట్లు 8.0తో పూర్తయ్యాయి, ఈ సెమిస్టరులో మిగతా 18 క్రెడిట్లకూ సగటు 8 అనుకోండి. అనాలిసిస్ వదిలేస్తే 8.0 అలాగే ఉంటుంది. ఉంచుకుని గ్రేడు పాయింటు 7 తెచ్చుకుంటే 7.94. అయిదు వస్తే 7.82. తప్పితే, ఆ సున్నాను కలిపే చోట్ల 7.52. పాసయ్యే అవకాశం బాగా ఉన్నవాళ్లు 0.18 కోసం ఒక ఏడాది వరుసను చెడగొట్టుకోవడం నాకు సబబనిపించదు. తప్పే ప్రమాదం నిజంగా ఉన్నవాళ్ల సంగతి వేరు.

ఇక్కడ మాటల తేడా ఒకటి గుర్తుంచుకోండి. మన వైపు బ్యాక్‌లాగ్ అనేదాన్ని చెన్నైలో అరియర్ అంటారు. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల ప్రకటనల్లో ‘స్టాండింగ్ అరియర్స్ ఉండకూడదు’ అని ఉంటే ఇప్పుడు మిగిలున్నవి ఉండకూడదని. ‘హిస్టరీ ఆఫ్ అరియర్స్’ అని ఉంటే, తర్వాత పాసైనా సరే, ఒకప్పుడు తప్పిందీ లెక్కే. గడువులోపల పద్ధతిగా వదిలిన కోర్సు సాధారణంగా అరియర్ కాదు. గడువు దాటాక చేసే విత్‌డ్రాయల్ కొన్నిచోట్ల మార్కుల పత్రం మీద గుర్తుగా మిగులుతుంది. మీ రెగ్యులేషన్స్ పుస్తకంలో డ్రాప్, విత్‌డ్రాయల్ గురించిన పేరాలు రెండూ మీరే చదవాలి, సీనియర్ చెప్పింది నమ్మి ఊరుకోవద్దు. నిబంధనలు బ్యాచ్‌ను బట్టి మారుతుంటాయి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే తప్పు ఒకటుంది: ఫారం ఇవ్వకుండా తరగతికి వెళ్లడం మానేయడం. మీరు మనసులో వదిలేశారు, రిజిస్టరులో మాత్రం పేరుంది. హాజరు చాలాచోట్ల 75 శాతం ఉండాలి. అది తగ్గితే పరీక్షకే కూర్చోనివ్వరు, కోర్సు మొత్తం మళ్లీ చెయ్యాలి. కాబట్టి ఫ్యాకల్టీ అడ్వైజర్ సంతకం, మాస్టారి సంతకం పెట్టించి అకడమిక్ సెక్షన్‌లో ఇచ్చాక, ముద్ర వేసిన నకలు చేతికొచ్చేదాకా తరగతి మానకండి. సంతకానికి వెళ్లేముందు సెమిస్టరుకు ఉండాల్సిన కనీస క్రెడిట్లు చూసుకోండి. ఇన్‌స్పైర్ లాంటి ఏటా 80,000 రూపాయల స్కాలర్‌షిప్ ఉన్నవాళ్లు ప్రతి సంవత్సరం మార్కుల పత్రం చూపాలి. బ్యాంకు విద్యారుణం ఉంటే తర్వాతి విడతకు అదే పత్రం అడుగుతారు. ఈ రెంటిలో ఏది ఉన్నా ముందు అక్కడ అడిగాకే సంతకం.

ఇంట్లో చెప్పడం ఇంకో పని. ‘డ్రాప్ చేస్తున్నాను’ అని ఫోనులో అంటే అవతల ‘చదువు మానేస్తున్నాడు’ అని వినిపిస్తుంది. ‘నాన్నా, ఈ ఒక్క సబ్జెక్టు వచ్చే ఆగస్టులో రాస్తాను, డిగ్రీ అదే ఏడాది పూర్తవుతుంది’ అని తేదీతో సహా చెప్పండి. అలా చెప్పలేకపోతున్నారంటే మీ లెక్క ఇంకా పూర్తి కాలేదన్నమాట. అప్పుడు ఎవరో ఒకరు ‘రామానుజన్ కూడా ఫెయిలయ్యాడు కదా’ అని ఓదారుస్తారు. ప్రేమతోనే అంటారు, కాని ఆ పోలిక ఇక్కడ పనికిరాదు. ఆయన కుంభకోణంలోనూ, ఈ ఊళ్లో పచ్చయప్ప కాలేజీలోనూ తప్పింది మిగతా సబ్జెక్టుల్లో, గణితంలో కాదు. మచిలీపట్నంలో పుట్టి ఇక్కడి ప్రెసిడెన్సీ కాలేజీలో గణితం చదివిన గణితవేత్త కొమరవోలు చంద్రశేఖరన్ లాంటి పేరు మనకు దగ్గరిది. ఆయన గణితాచార్యులు కె. ఆనందరావు గారి దగ్గర పరిశోధన చేసింది అనాలిసిస్‌లోనే.

ఉంచుకోవాలని తేల్చుకుంటే మూడు వారాలు ఇలా నడపండి. ప్రతి సిద్ధాంతానికీ ఒక పేజీ. ఏ షరతు నిరూపణలో ఏ లైనులో వాడారో ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టాలి, తర్వాత ఒక్కో షరతూ తీసేసి ఎక్కడ విరుగుతుందో చూడాలి. సంవృత పరిబద్ధ అంతరంలో, అంటే కొసలు కలుపుకుని హద్దులున్నదానిలో, అవిచ్ఛిన్న ప్రమేయానికి గరిష్ఠం ఉంటుంది. ‘సంవృత’ తీసేస్తే 0, 1 మధ్య వివృత అంతరంలో ఒకటి బై ఎక్స్, ‘పరిబద్ధ’ తీసేస్తే 0 నుంచి అనంతం దాకా ఎక్స్. టుటోరియల్ లెక్క మీద ముప్పై నిమిషాలు మీరే కుస్తీ పట్టాక తప్ప వాట్సాప్‌లో తిరిగే జవాబు తెరవకండి. తెరిస్తే అర్థమైనట్టే ఉంటుంది, పరీక్షలో చేయి కదలదు. చిత్తు వేరు, సాపు వేరు అని మరవకండి: డెల్టాను చిత్తులో చివరినుంచి వెనక్కి వెతుకుతాం, సాపులో మొదటి లైనులోనే రాస్తాం. ముగ్గురు కలిసి కూర్చుని ఒకరు బోర్డు మీద రాస్తుంటే మిగతా ఇద్దరూ ప్రతి లైనుకూ ‘ఎందుకు?’ అనడం మన విభాగం పాత అలవాటు, దాన్ని పోనివ్వకండి.

వదిలేస్తే మాత్రం పూర్తిగా వదలొద్దు. మాస్టారు ఒప్పుకుంటే టుటోరియల్‌కు వెళ్లి వెనక కూర్చోండి, షీట్లన్నీ దాచండి. డిసెంబరు సెలవుల్లో అసమానతలతో మొదలుపెట్టి సుప్రీమమ్, అనుక్రమాలు, కోషీ వరకు రోజుకు ఒక పేజీ, శ్రేణులు తర్వాత చూసుకోవచ్చు. వేసవిలో నాలుగు వారాల గణిత శిక్షణ శిబిరం ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్)కు దరఖాస్తు పెట్టండి. 1993 నుంచి నడుస్తున్న ఆ శిబిరంలో పాఠం కంటే ప్రశ్నలే ఎక్కువ, ఈ కోర్సు కోసమే పెట్టారా అనిపిస్తుంది. కోట్టూర్‌పురంలో అణ్ణా శతజయంతి గ్రంథాలయం ఉంది, హాస్టల్ గదిలో కుదరని నిశ్శబ్దం అక్కడ దొరుకుతుంది. ఆ నోటుపుస్తకం మొదటి పేజీలో తాళం, తాళంచెవి వాక్యాలు రెండూ రాసి ఉంచండి. మరుసటి అక్టోబరులో 0, 1 మధ్య ఎక్స్ ఘాతం ఎన్ అనే అనుక్రమం వచ్చి, ప్రతి ఎక్స్‌కూ వేరే ఎన్ దొరుకుతుంది గాని అన్నిటికీ పడే ఎన్ ఒక్కటీ లేదని చూపాల్సివచ్చినప్పుడు, మళ్లీ ఆ పేజీయే తిప్పాలి.