బోరుకొచ్చిన మాస్సీ 1035ని మధ్యకు విడదీయడం

లారీకి కింద చాసిస్ ఉంటుంది. ఇంజన్ దించేసినా అది తన చక్రాల మీద తాను నిలబడుతుంది. ట్రాక్టర్‌కు ఆ ఆధారం లేదు. ముందు ఇరుసు సపోర్టు, ఇంజన్, గేర్ బాక్స్, వెనక హౌసింగ్ ఒకదానికొకటి బోల్టులతో బిగిసి ఉంటాయి, బరువంతా ఆ పోత ఇనుమే మోస్తుంది. సిలిండర్లు అరిగి ఇంజన్ బోరుకొచ్చి క్రాంక్ షాఫ్ట్ బయటికి తీయాలన్నా, ఫ్లైవీల్ వెనక ఆయిల్ సీలు మార్చాలన్నా బండిని ఇంజన్‌కూ గేర్ బాక్స్‌కూ మధ్య రెండు ముక్కలు చేయక తప్పదు. మన ఊళ్లలో ఇప్పటికీ తిరుగుతున్న పాత మాస్సీ ఫెర్గూసన్ 1035నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. మిగతా పాత బండ్లకూ పద్ధతి దాదాపు ఇదే.

ముందుగా బరువు ఎటు లాగుతుందో అర్థం కావాలి. ఇంజన్ బరువు ముందు ఇరుసుకు వెనకవైపు ఉంటుంది, గేర్ బాక్స్ బరువు వెనక ఇరుసుకు ముందువైపు ఉంటుంది. కాబట్టి జాయింటు విడిపోగానే రెండు ముక్కలూ మధ్యలోకే కుంగుతాయి. ముందు వెయిట్లు ఉంటే లెక్క మారిపోతుంది, ముందు భాగం ముక్కు నేలకు కొట్టుకోవచ్చు. వెయిట్లు, వెనక పనిముట్లు అన్నీ తీసేశాకే పని మొదలుపెట్టాలి.

అంతకంటే పెద్ద ప్రమాదం పక్కకు ఒరగడం. పొలంలో ఎగుడుదిగుళ్లకు ఊగాలని ముందు ఇరుసును ఒకే సెంటర్ పిన్ను మీద వేలాడదీశారు. బండి కలిసి ఉన్నంత సేపు వెనక టైర్లు దాన్ని నిలబెడతాయి. విడదీశాక ఇంజన్ మొత్తం ఆ ఒక్క పిన్ను మీదే ఊగుతుంది. అందుకే బోల్టు మీద పానా పెట్టకముందే ఇరుసుకూ దాని పైనున్న సపోర్టుకూ మధ్య, కుడి ఎడమ రెండు వైపులా, ఏటవాలుగా కోసిన గట్టి చెక్క ముక్కలు సుత్తితో బిగించి దిగ్గొట్టాలి. తుమ్మ కర్ర అయితే మంచిది, మెత్తటి ప్యాకింగ్ చెక్క నలిగిపోతుంది. అవి జారి పడకుండా తీగతో కట్టాలి కూడా. ఈ ఒక్క పని చేయని చోట నేనైతే పక్కన నిలబడను.

చోటు గట్టి సిమెంటు నేలై ఉండాలి. చెట్టు కింద మట్టి నేల మీద ట్రాలీ జాకీ చక్రాలు దిగబడతాయి, స్టాండు ఒక కాలు కుంగుతుంది. వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు వేసి హ్యాండ్ బ్రేక్ లాగాలి. బ్యాటరీ ఎర్త్ తీగ ముందు విప్పాలి. ఆ తర్వాత బానెట్, డీజిల్ ట్యాంకు, సైలెన్సర్, వైరింగు, మీటరు కేబులు, యాక్సిలరేటర్ రాడ్డు, ఇంజన్ ఆపే స్టాప్ తీగ, సెల్ఫ్ మోటారు తీసేయాలి. స్టీరింగ్ బాక్సు వెనక ముక్కలో ఉంటుంది కాబట్టి ముందు చక్రాలకు వెళ్లే డ్రాగ్ లింకులు విప్పాలి. ఇరుసు నుంచి వెనక్కి వచ్చే రాడ్లు ఉన్న మోడలైతే అవి కూడా. డీజిల్ పైపుల మూతులకు శుభ్రమైన గుడ్డ చుట్టండి, పంపులోకి దుమ్ము పోతే ఖర్చు వేలల్లో ఉంటుంది. ఈ బండికి క్లచ్ హౌసింగ్ పొడిగానే ఉంటుంది, గేర్ ఆయిల్ దించక్కర్లేదు. విప్పినప్పుడు అందులో ఆయిల్ కనబడితే క్రాంక్ సీలో, గేర్ బాక్స్ ముందు సీలో పోయిందని గుర్తు.

వెనక ముక్కకు గేర్ బాక్స్ ముందు అంచు కింద ఇనుప స్టాండు. ఇది కదలదు. ముందు ముక్కకు ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ ఛాంబర్ వెనక భాగం కింద చెక్క పలక వేసి ట్రాలీ జాకీ. ఇక్కడ ఛాంబర్ పోత ఇనుముది, బరువు ఆపుతుంది. రేకు ఛాంబర్ ఉన్న ఇంజన్లకు ఇలా చేస్తే నొక్కుకుపోతుంది, వాటికి బ్లాకు కిందే ఆధారం ఇవ్వాలి. సిమెంటు ఇటుకలు వద్దు. అవి ముందు చెప్పకుండా ఒక్కసారిగా పగులుతాయి. రైలు స్లీపర్ దుంగలు ఒక వరస అడ్డంగా, ఒక వరస నిలువుగా పేర్చినా నమ్మొచ్చు.

జాయింటు బోల్టుల్లో సెల్ఫ్ మోటారు దగ్గర దాక్కున్నవాటిని మరిచిపోయి గునపంతో ఎత్తితే హౌసింగ్ చెవి విరుగుతుంది. మిగతావన్నీ తీశాక ఎదురెదురుగా రెండు బోల్టులు నాలుగైదు చుట్లు వదులు చేసి ఉంచి, రెండు వైపులా సమానంగా కదిలించండి. ఇప్పుడు సందును చూడాలి. కింద ఎక్కువ తెరుచుకుంటే మధ్య కుంగిందని, జాకీ కాస్త ఎత్తాలి. పైన తెరుచుకుంటే జాకీ ఎక్కువైందని, దించాలి. చుట్టూ సమానమయ్యాకే ఆ రెండూ తీసి, ముందు ముక్కను తిన్నగా ముందుకు నెట్టాలి. బలవంతంగా లాగితే బరువు క్లచ్ షాఫ్ట్ మీద పడి ప్లేటు వంకర పోతుంది, ఆ షాఫ్ట్ కొనను ఫ్లైవీల్ మధ్యలో పట్టుకునే పైలట్ బేరింగ్ చెడుతుంది. విడిపోయిన వెంటనే ఇంజన్ వెనక కూడా స్టాండు వేయండి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. రెండు ముక్కల మధ్య దూరి పనిచేసేది మనిషే మరి.

ఇంజన్‌ను షెడ్డుకు పంపాలంటే ముందు సపోర్టు నుంచి కూడా విప్పాలి. 1 టన్ను చైన్ పుల్లీతో ఇంజన్‌ను పట్టి, రేడియేటరు ఉన్న ముందు భాగానికి వేరే స్టాండ్లు వేశాకే ఆ బోల్టులు. ఫ్లైవీల్ బరువైనది, రెండు పొడుగు స్టడ్లు ఎక్కించి వాటి మీదుగా జార్చండి, లేకపోతే చివరి బోల్టుతో పాటు కాలి మీదికి వస్తుంది.

పాత 1035లకు వచ్చింది పెర్కిన్స్ మూడు సిలిండర్ల ఇంజన్. దాని క్రాంక్ వెనక సీలు తాడు రకమైతే రెండు అర హౌసింగుల్లోనూ గుండ్రటి కడ్డీతో అదిమి కూర్చోబెట్టి, చివరలు అర మిల్లీమీటరు లోపు పైకి ఉండేలా చూడాలి. సమంగా కోసేస్తే నెలలోనే ఆయిల్ క్లచ్ మీదికి కారుతుంది, బండి మళ్లీ విడదీయాలి. ఎలాగూ తెరిచారు కాబట్టి క్లచ్ బేరింగ్, పైలట్ బేరింగ్, గేర్ బాక్స్ ముందు సీలు పాతవి బాగున్నా కొత్తవి వేయండి. వాటి ధర ఎంత, రెండోసారి విప్పే కూలీ ఎంత?

కలిపేటప్పుడు క్లచ్ ప్లేట్లను డమ్మీ షాఫ్టుతో, అంటే క్లచ్ షాఫ్టు కొలతకు సరిపోయే కడ్డీతో, మధ్యకు పెట్టాలి. డబుల్ క్లచ్ అయితే, అంటే చక్రాలకు ఒకటి, పనిముట్లు తిప్పే పీటీవోకు ఒకటి ఉంటే, షాఫ్టులు రెండు, రెండూ పళ్లలో పడాలి. తలలు కోసిన రెండు పొడుగు బోల్టులను బ్లాకుకు ఎక్కిస్తే హౌసింగ్ వాటి మీద దారి పట్టుకుని వస్తుంది. గేరు వేసి క్రాంక్ పుల్లీని చేత్తో తిప్పితే ఒక షాఫ్టు కూర్చుంటుంది. పీటీవో వేసి వెనక షాఫ్టును తిప్పితే రెండోది. చివరి సందు చేతితోనే మూసుకోవాలి. బోల్టులు బిగించి లాక్కోవడం మొదలుపెట్టారంటే హౌసింగ్ పగలడమో ప్లేటు బుష్షు చిట్లడమో ఖాయం. సందు ఆగిపోతే వెనక్కి తీసి, ఎత్తు చూసి, మళ్లీ నెట్టండి.

బోల్టులన్నీ పడి, డ్రాగ్ లింకులకు కొత్త స్ప్లిట్ పిన్నులు వేశాకే చెక్క ముక్కలు తీయాలి. స్టార్ట్ చేసే ముందు క్లచ్ పెడల్ ఫ్రీ ప్లే (క్లచ్ పట్టేలోపు పెడల్ ఊరికే కదిలే దూరం) సరిచేసి, స్టాప్ తీగ పంపు లివరును చివరిదాకా లాగుతోందో లేదో చేత్తో చూసుకోండి.