చెయ్యి తియ్యమన్న భాష

ఈ సంక్రాంతి సెలవులో నేను నాన్నగారిని కసురుకున్నాను. కసురుకోవడం ఒక ఎత్తయితే, ఆ మాట తెలుగులో కాక హిందీలో రావడం ఇంకొక ఎత్తు. రాజోలులో మాకు తెలిసినవారి వెల్డింగు షాపు వెనక, కొబ్బరిచెట్ల మధ్య రేకుల పాక కింద, గాలి ఒత్తిడితో సన్నటి గింజలు కొట్టి రంగూ తుప్పూ ఊడగొట్టే బ్లాస్టింగు అప్పుడే ముగించి దూలానికి వేలాడదీసిన మా పాత బుల్లెట్ ఛాసిస్ మీద ఆయన అరచెయ్యి ఆనించి, ఆ చేతిని కళ్ళకద్దుకోబోతుండగా, నా నోటినుంచి "హాథ్ హటావ్!" అన్న కేక వచ్చింది. నాన్నగారికి హిందీ రాదు. అయినా చెయ్యి తీసేశారు. షాపులో కుర్రవాళ్ళు గ్రైండరు ఆపి చూశారు. ఆయన ఇంకేమీ అనకుండా చెప్పులు వేసుకొని, సైకిలెక్కి ఇంటికి వెళ్ళిపోయారు.

ఆ మాట నాది కాదు. పదమూడేళ్ళ క్రితం అబుదాబి పక్కన ముసఫ్ఫాలో, ఉక్కు నిర్మాణాలు చేసే ఒక యార్డులో, పెయింటింగు విభాగంలో హెల్పరుగా చేరిన మొదటి నెలలో నాకు పడిన మాట. అది వేసవి. ఆ దేశంలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర మొదలు మూడు దాకా ఎండలో పని చేయించడం నిషేధం కనుక మాకు ఎక్కువ పని రాత్రిపూటే పడేది. నేను మొట్టమొదట నా చేతులతో బ్లాస్ట్ చేసిన దూలం బూడిదరంగు వెండిలా మెరుస్తుంటే, ఎవరూ చెప్పకుండానే చెయ్యి దాని మీదకు పోయింది, అక్కడినుంచి కళ్ళకు పోయింది. కోటింగు ఇన్‌స్పెక్టరు మలయాళీ. దూరంనుంచే ఆ మాట అన్నాడు. డ్యూటీ అయ్యాక ఆ భాగాన్ని మళ్ళీ బ్లాస్ట్ చేయించాడు. మర్నాడు మాత్రం నన్ను పక్కకు పిలిచి, పనికిరాని రేకుముక్క మీద బొటనవేలు గట్టిగా నొక్కమని, దానిని రాత్రంతా బయట పెట్టించాడు. తెల్లవారేసరికి నా వేలిముద్ర గీతలతో సహా తుప్పులో దిగి ఉంది. భూమి రిజిస్ట్రేషను కాగితం మీద కూడా నా వేలిముద్ర అంత స్పష్టంగా పడలేదు.

అది దయ అని ఒప్పుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. అంతవరకు అవమానంగానే మిగిలింది. అతను చెప్పినదానిలో తప్పు లేదు. రంగూ తుప్పూ ఊడగొట్టిన ఉక్కు పచ్చిపుండులాంటిది. గరుకు పట్టిన ఉపరితలంలో కంటికి కనబడని గుంటలుంటాయి, చేతి చెమటలోని ఉప్పు వాటిలో కూర్చుంటుంది, గాలిలోని తేమను లాక్కుంటుంది, పైన ఎంత మంచి రంగు వేసినా ఆరు నెలల్లో పొక్కు తెప్పిస్తుంది. అందుకే అక్కడ ఉక్కు మీద చిన్న రబ్బరు పట్టీ అతికించి, సిరంజితో శుభ్రమైన నీరు ఎక్కించి, వెనక్కి లాగి, ఆ నీటిలో ఉప్పు ఎంత ఉందో మీటరుతో కొలుస్తారు. గాలిలోని తేమ నీరుగా పేరుకునే వేడిమిని డ్యూ పాయింటు అంటారు. ఉక్కు వేడిమి దానికంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, గాలిలో తేమ 85 శాతం దాటకూడదు. లేకపోతే డబ్బా మూత తియ్యనివ్వరు. ఈ లెక్కలన్నీ నేను నేర్చుకున్నాను, ఇప్పుడు కొత్తవాళ్ళకు నేర్పుతున్నాను కూడా. నన్ను పీడించినది లెక్క కాదు. ఆ చెయ్యి ఎందుకు పెట్టానో అతనికి నేను చెప్పలేకపోయాను. కళ్ళకద్దుకోవడానికి నాకు వచ్చిన హిందీలో మాట లేదు, ఇంగ్లీషులో అసలే లేదు. పని పూర్తయినప్పుడు ఇనుమును ముట్టుకోనివాడు అతని దృష్టిలో మంచి పనివాడు, మా ఇంట్లో అయితే పొగరుబోతు.

ఇన్నాళ్ళూ నేను అక్కడి తోటివాళ్ళతో ఒక వాదన చేస్తూ వచ్చాను. మాది గోదావరి పాయల మధ్య లంకసీమ, అంతర్వేది నుంచి ఉప్పుగాలి వస్తుంది, మా దగ్గర ఇనుము నిలవదు, అందుచేతనే మావాళ్ళు రంగు విషయంలో అంత పట్టించుకోరు అని. ఈ వాదనలో నిజాయితీ లేదు. ముసఫ్ఫా కూడా సముద్రపు పాయల పక్కనే ఉంది, అక్కడి వేసవి రాత్రుల్లో చొక్కా పిండితే నీళ్ళు కారతాయి. గాలి రెండుచోట్లా ఒకటే. తేడా మీటరులో ఉంది, మీటరు చెప్పిన మాట వినడంలో ఉంది.

అలాగని ఇక్కడివాళ్ళకు ఏమీ తెలియదని ఒప్పుకోవడం కూడా నావల్ల కావడం లేదు. ఆ ఛాసిసే ఇందుకు కారణం. నాన్నగారి బుల్లెట్ 1984 మోడలు. 1986 ఆగస్టు వరదలో రెండు రోజులు నీటిలో ఉంది. ఇంజను, చక్రాలు, వైరింగు అన్నీ విప్పి, ఒట్టి ఛాసిస్‌ను తిరగేసి తట్టినప్పుడు గొట్టంలోంచి గుప్పెడు సన్నటి ఒండ్రు రాలింది. నలభై ఏళ్ళనాటి ఎర్రగోదావరి అది. ఆ పాత బుల్లెట్‌కు కింద ఇంజనును మోసే ఊయలలాంటి చట్రం లేదు. ముందు గొట్టం వచ్చి ఇంజను దగ్గర ఆగిపోతుంది, ఇంజనే కింది భాగాన్ని కలుపుతుంది. అందుకని ఒంటిగా చూస్తే ఛాసిస్ నోరు తెరిచినట్టుంటుంది. అన్నేళ్ళ ఉప్పుగాలికీ ఒక వరదకీ ఆ గొట్టాలు ఎక్కడా చిల్లు పడలేదు. సైడుస్టాండు దగ్గర లప్పం కింద పాత వెల్డింగు ఒకటి కనబడింది, అదీ గట్టిగానే ఉంది. వానాకాలం వస్తే చాలు, నాన్నగారు కిరసనాయిలులో వాడేసిన ఇంజనాయిలు కలిపి, పాత లుంగీగుడ్డతో ఛాసిస్ మూలమూలా రుద్దేవారు. చిన్నప్పుడు ఆ వాసనకు నేను దూరంగా పారిపోయేవాణ్ణి.

ఇప్పుడు ఆ నూనెను వదిలించడానికే నాకు రెండు రోజులు పట్టింది. జిడ్డు ఉండగా బ్లాస్ట్ చేస్తే గింజల దెబ్బకు అది ఉక్కులోకి ఇంకా దిగిపోతుంది, ఆ గింజలు కూడా పాడవుతాయి. సబ్బునీరు, జిడ్డు తీసే ద్రావకం, మళ్ళీ మంచినీరు, మళ్ళీ ఎండ. ఏ పొర వల్ల ఆ ఇనుము బతికి ఉందో, ఆ పొరను శత్రువులా కడుగుతున్నానన్న ఊహ నాకు అప్పుడు రాలేదు. నాన్నగారు అరుగు మీద కూర్చుని చూస్తున్నారు, ఆయనకు వచ్చిందేమో.

షాపు యజమానితో నాకు ఒక్క విషయంలోనే పేచీ వచ్చింది. ఆయన గోదావరి ఇసుకతో కొట్టేద్దామన్నారు. కాలవగట్టు మీద కుప్పలు ఉన్నాయి, ఖర్చు లేదు. నేను ఒప్పుకోలేదు. ఇసుక పగిలి లేచే సన్నటి సిలికా ధూళి ఊపిరితిత్తులను రాయి చేస్తుంది. బ్రిటన్ 1949 నాటి నిబంధనలతోనే పోతపోసిన వస్తువులను ఇసుకతో బ్లాస్ట్ చేయడాన్ని నిషేధించింది. కాకినాడ నుంచి ఇసుకకు బదులు వాడే గార్నెట్ రాతిగింజల బస్తాలు, అద్దె కంప్రెసరు తెప్పించాను. "గల్ఫ్ డబ్బులండీ, ఆయ్" అని ఆయన నవ్వారు. ఆ మాట నాకు గుచ్చుకుంది కానీ, అక్కడ పని చేసే కుర్రవాళ్ళకు మొహాన కట్టుకోవడానికి తువ్వాలు తప్ప ఏమీ లేదు కనుక ఆ విషయంలో నాకు పశ్చాత్తాపం లేదు.

కసురుకున్న రోజు అసలు తప్పు నాదే. ఉదయం మంచు విడిచేదాకా ఆగడంలో ఆలస్యమై, బ్లాస్టింగు ముగిసేసరికి సాయంత్రం నాలుగున్నర దాటింది. నాలుగు గంటల్లో ప్రైమరు, అంటే రంగు కింద వేసే మొదటి పూత, పడాలి, కానీ ఆరింటికే మళ్ళీ మంచు దిగుతుంది. ఆ కంగారులో ఉండగా ఆయన చెయ్యి పెట్టారు. ఆయన వెళ్ళాక ఆ చోటును థిన్నరుతో తుడవబోయి ఆగాను. థిన్నరు జిడ్డును తీస్తుంది, ఉప్పును తియ్యదు. శుభ్రమైన నీటిగుడ్డతో అద్ది, వేడిగాలితో ఆరబెట్టి, ఆ జానెడు చోటును మళ్ళీ బ్లాస్ట్ చేశాను. తరువాత ఛాసిస్‌ను షాపులోని చిన్న గదిలో పెట్టి, చుట్టూ టార్పాలిను కట్టి, లోపల వంద వాట్ల బల్బులు రెండు వెలిగించి ఉంచాను. చుట్టూ ఉన్న గాలికంటే ఇనుము కొంచెం వెచ్చగా ఉంటే దాని మీద మంచు పట్టదు. ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నగారు పులస ధర గురించీ, మా బాబాయిగారి పొలం గట్టు తగాదా గురించీ మాట్లాడారు. నేను క్షమాపణ చెప్పే తెలుగు మాట కోసం వెతుక్కుంటూ కూర్చున్నాను. మా ఇళ్ళలో కొడుకు తండ్రికి అలా చెప్పుకోవడానికి ఒక వాడుక మాట ఉందని నాకు అనిపించడం లేదు.

తెల్లవారి నేను టార్పాలిను విప్పేసరికి ఆయన వచ్చి ఉన్నారు. చేతులు రెండూ వెనక్కి కట్టుకొని, గజం దూరంలో నిలబడి, వంగి చూస్తున్నారు. ఆయన చెయ్యి ఆనించిన చోట ఒక్క మచ్చ లేదు. పెట్రోలు ట్యాంకు కూర్చునే పెద్ద గొట్టం పక్కన మాత్రం మూడు గోధుమరంగు చుక్కలు వరసగా ఉన్నాయి. హెల్మెట్టు తీసి నేను ఆయన మీద అరిచినప్పుడు నిలబడిన చోటు అదే.

"ఇదెవరిదిరా?" అని గడ్డంతో చూపించారు.

"నాదేనండి. చెమట."

"చెమటని హిందీలో ఏవంటారు?"

"పసీనా అంటారండి."

"పసీనా" అని ఒకసారి అనుకుని, బాగానే ఉందన్నట్టు తలూపారు.

ఆ మూడు చుక్కల కోసం కంప్రెసరు మళ్ళీ ఆన్ చేశాను. పదకొండింటికి మీటరులో గాలి వేడిమి 29 డిగ్రీలు, తేమ 62 శాతం. అంటే డ్యూ పాయింటు 21 దగ్గర, భయం లేదు. రంగు పొడి చల్లి కాల్చే పౌడరు కోటింగు వద్దని ముందే అనుకున్నాను. దాన్ని 200 డిగ్రీల దగ్గర కొలిమిలో పెట్టాలి, పైగా ఆ మందపు పొర ఛాసిస్ మీద కొట్టిన నంబరును పూడ్చేస్తుంది. రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమరు కలిపి, అది కుదురుకునేలోగా మెడ దగ్గర ఛాసిస్ నంబరుకు అంటించిన టేపు ఊడదీశాను. గార్నెట్ దెబ్బ తగిలితే అంకెలు అరిగిపోతాయని ఆ ఒక్క చోటును రంగు తీసే మందుతో, బ్రష్షుతో చేత్తోనే శుభ్రం చేశాను. ఆర్‌సీ రెన్యువలుకు బండిని తీసుకెళితే మొదట చూసేది దాన్నే.

చివరి అంకె మూడో ఎనిమిదో తెలియడం లేదు. నాన్నగారు ఆర్‌సీ చూడకుండానే నంబరు మొత్తం పైకి చదివి, "ఎనిమిది. బ్రేకిన్‌స్పెక్టరు కూడా మూడే అన్నాడు, వేలు పెట్టి చూడమన్నాను" అన్నారు.

"మీరోసారి పెట్టి చూడండి నాన్నగారూ. తరవాత నేను తుడుస్తాను" అన్నాను.

ఆయన చేతులు వెనకనుంచి తియ్యలేదు. "నువ్వే చూడు" అన్నారు.

గ్లోవు తీసి వేలు పెట్టాను. ఎనిమిదే. ఆ చోటును నీటిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, పదకొండున్నరకు ప్రైమరు మొదలుపెట్టాను.