నేల మీద గడిచిన అరగంట

ఈ రోజు ఉదయం అన్నయ్య కూతురి కొత్త డ్రోన్‌ను మొదటిసారి గాలిలోకి లేపాము. అది గాలిలో ఉన్నది కొద్ది నిమిషాలే; అంతకు ముందు దానితో నేల మీద గడిపిన సమయం మాత్రం అరగంటకు పైనే ఉంటుంది. ఆ ఆలస్యం ఆ పిల్లకు విసుగు పుట్టించిందని దాని ముఖం చూస్తేనే తెలిసింది. అయినా ఇప్పుడు రాసుకోవడానికి కూర్చుంటే, ఎగిరిన సంగతి కంటే ఎగరకముందు సంగతులే ఎక్కువగా గుర్తుకు వస్తున్నాయి.

అసలు నిన్న రాత్రే మొదలైంది ఈ వ్యవహారం. పెట్టె విప్పి, బ్యాటరీలు ఛార్జింగ్‌కు పెట్టి, యాప్ అడిగిన ఫర్మ్‌వేర్ (యంత్రం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ పూర్తి చేసిన తరువాత, "ముందు హాల్లో ఒకసారి లేపి చూద్దామా బాబాయ్? బయటైతే గాలి ఉంటుంది కదా" అని అడిగింది. కొత్తగా కొన్నవారిలో చాలామందికి వచ్చే ఆలోచనే ఇది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ నాలుగు గోడల మధ్య జీపీఎస్ సంకేతాలు సరిగా అందవు. రెక్కలు కిందికి తోసిన గాలి గోడలను తాకి మళ్లీ డ్రోన్ మీదికే వచ్చి దాన్ని కుదిపేస్తుంది. పైకప్పుకు మరీ దగ్గరగా వెళితే రెక్కలకూ కప్పుకూ మధ్య గాలి పీడనం తగ్గి, యంత్రం పైకి లాక్కుపోయి కప్పుకు కొట్టుకుంటుంది. కంగారుపడి, బయలుదేరిన చోటికి తిరిగి రమ్మనే రిటర్న్ టు హోమ్ బటన్ నొక్కినా మేలు జరగదు, ఎందుకంటే చాలా డ్రోన్లు ఆ ఆదేశం అందగానే ముందు పైకి లేవాలని చూస్తాయి. ఇంట్లో ఎగరడానికే ఉద్దేశించిన, రెక్కల చుట్టూ కంచె ఉన్న చిన్న డ్రోన్ల సంగతి వేరు. ఇది ఆ కోవలోనిది కాదు గనుక పొద్దున్నే మైదానానికి వెళదామని చెప్పాను.

నాలుగు రోటర్ల (తిరిగే రెక్కల) యంత్రానికి పైకి లేవడం మొదటి నుంచీ అంత పెద్ద సమస్య కాలేదు. లేచాక నిలకడగా ఉండడమే సమస్య. 1907లో ఫ్రాన్సులో బ్రెగే సోదరులు శాస్త్రవేత్త షార్ల్ రిషే తోడ్పాటుతో తయారుచేసిన జైరోప్లేన్ ఒక మనిషిని మోస్తూ నేల నుంచి సుమారు 60 సెంటీమీటర్లు లేచింది కానీ, అది అదుపు తప్పకుండా నాలుగు మూలలా నలుగురు మనుషులు పట్టుకుని నిలబడవలసి వచ్చింది. ఇప్పటి డ్రోన్‌లో ఆ నలుగురి పనినీ ఫ్లైట్ కంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్ సెకనుకు వందలసార్లు చేసిపెడుతుంది. రిమోట్‌లోని స్టిక్కుల మీది నుంచి వేళ్లు తీసేసినా డ్రోన్ ఉన్నచోటే నిలబడడం చూసి, ఎగరేయడం ఇంత తేలికా అని కొత్తవారు అనుకుంటారు. ఆ తేలికదనమంతా ఆ యంత్రం నమ్ముతున్న నాలుగైదు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: సమతలం అంటే ఏది, ఉత్తరం ఎటు, తాను ఎక్కడున్నది, నేల ఎంత దూరంలో ఉన్నది, తిరిగి రావలసిన చోటు ఏది. వీటిలో చాలా భాగం అది నేల మీద ఉండగానే స్థిరపడుతుంది. అందుకే మొదటి టేకాఫ్‌లో జరిగే ప్రమాదాలలో ఎక్కువ భాగాన్ని వేళ్ల తడబాటు కింద జమకట్టడం నాకు సరికాదనిపిస్తుంది. ఎగరకముందే మనం దానికి నేర్పిన అబద్ధాలు ఎగిరాక బయటపడతాయి, అంతే.

మైదానానికి చేరగానే ఆ పిల్ల చదునుగా ఉన్నది కదా అని ఒక మూలన ఉన్న కాంక్రీటు గచ్చు మీద డ్రోన్‌ను పెట్టబోయింది. చదును విషయంలో దాని ఆలోచన సరైనదే. అయితే కాంక్రీటు లోపల ఇనుప చువ్వలు ఉంటాయి, డ్రోన్‌లోని దిక్సూచికి వాటితో పడదు. కార్లు, ఇనుప మూతలు, స్పీకర్లలోని అయస్కాంతాలు, చివరికి పక్కనే పెట్టిన ఫోను కూడా దాన్ని తప్పుదారి పట్టించగలవు. దిక్సూచి తప్పితే ఏమవుతుందో అక్కడే వివరించాను. గాలికి తూర్పుగా జరిగిపోయానని జీపీఎస్ ద్వారా తెలుసుకున్న యంత్రం తనను తాను పడమరకు తోసుకోవాలి. దిక్సూచి తప్పు చూపిస్తున్నప్పుడు అది పడమర అనుకున్న దిక్కు నిజానికి వాయవ్యమో ఉత్తరమో అవుతుంది. అటు తోసుకోగానే స్థానం మరోవైపు తప్పుతుంది, దాన్ని సరిదిద్దుకోబోతే ఇంకోవైపు తప్పుతుంది. ఈ విధంగా ఉన్నచోట నిలవవలసిన డ్రోన్, గిన్నెలో నీళ్లు సుడి తిరిగినట్టు, అంతకంతకూ పెద్దదయ్యే వలయంలో తిరగడం మొదలుపెడుతుంది. ఆ స్థితిలో రిటర్న్ టు హోమ్ మీద ఆశ పెట్టుకోవడం దండగ, ఎందుకంటే ఇంటి దిక్కును వెతుక్కునేది కూడా ఆ తప్పుడు దిక్సూచితోనే. కనుచూపు మేరలో ఉండగానే చేత్తో దించేయడం ఒక్కటే మార్గం.

దిక్సూచిని ప్రతిసారీ క్యాలిబ్రేట్ చేసుకోవాలని, అంటే డ్రోన్‌ను తిప్పి దిక్కులు కొత్తగా సరిచూసుకోనివ్వాలని, కొందరు సలహా ఇస్తారు. నాకు ఆ సలహా మీద గురి లేదు. యాప్ అడిగినప్పుడో, ఇంతకు ముందు ఎగరేసిన చోటుకు చాలా దూరం వచ్చినప్పుడో చేయడం వేరు; ఏ గొడవా లేని దిక్సూచిని పక్కన కారు ఉండగా తిప్పి తిప్పి క్యాలిబ్రేట్ చేస్తే, ఆ కారు ప్రభావాన్ని కూడా కలుపుకుని కొత్త తప్పును నేర్చుకుంటుంది. ఈ రోజు యాప్ అడిగింది కాబట్టి, గచ్చుకు దూరంగా గడ్డి తక్కువగా ఉన్న చోట ల్యాండింగ్ ప్యాడ్ పరిచి, జేబులోని తాళాలు తీసి పక్కన పెట్టించి చేయించాను.

రెక్కల దగ్గర కూడా కాసేపు ఆగాము. నాలుగు ప్రొపెల్లర్లూ చూడడానికి ఒకేలా ఉన్నా, ఎదురెదురు మూలల్లో ఉన్న రెండూ ఒకవైపు, మిగిలిన రెండూ దానికి వ్యతిరేకంగా తిరుగుతాయి. అలా తిరగకపోతే మోటార్ల తిప్పుడు బలానికి డ్రోన్ శరీరమే గిర్రున తిరుగుతుంది. ఒక రెక్కను దానిది కాని మోటారుకు బిగిస్తే అది ఆ మూలను పైకి ఎత్తడానికి బదులు కిందికి తోస్తుంది, మిగిలినవి పైకి లేపుతాయి, నేల వదిలే లోపే డ్రోన్ వెల్లకిలా పడుతుంది. చాలా తయారీదారులు మోటారు మీదా రెక్క మీదా జతగా గుర్తులు వేస్తున్నారు గనుక, వాటిని చూసుకుని బిగిస్తే ఈ పొరపాటుకు తావుండదు. ఆ పిల్ల వాటిని తానే గుర్తించి సరిగ్గా బిగించింది. నేను చేయించిందల్లా ఒక్కొక్క రెక్క అంచు మీదా వేలు జరిపి పగులో పెచ్చో ఉన్నదేమో చూడమనడం, బ్యాటరీ గొళ్లెం క్లిక్‌మని పడే వరకూ నొక్కించడం. సగం దిగిన బ్యాటరీ కూడా యంత్రాన్ని ఆన్ చేయగలదు. అది ఊడేది గాలిలో కుదుపు వచ్చినప్పుడు. కెమెరాను పట్టి ఉంచే గింబల్‌కు వేసిన ప్లాస్టిక్ తొడుగు తీయకుండా ఆన్ చేయబోతుంటే మాత్రం ఆపవలసి వచ్చింది, ఎందుకంటే కెమెరాను తిప్పే ఆ చిన్న మోటార్లు తొడుగుతో పెనుగులాడి పాడవుతాయి.

ముందు రిమోట్, తరువాత డ్రోన్, ఆ క్రమంలో ఆన్ చేశాము. ఆఫ్ చేసేటప్పుడు దీనికి తలకిందులుగా. తెర మీద ఉపగ్రహాల సంఖ్య ఒక్కొక్కటిగా పెరుగుతున్నది. "పది దాటాయి కదా బాబాయ్, ఇంకా ఎందుకు ఆగాలి?" అని అడిగింది. ఆగవలసింది ఆ అంకె కోసం కాదు, హోమ్ పాయింట్, అంటే తిరిగి రావలసిన చోటు, నమోదైందన్న మాట కోసం. అది నమోదు కాకముందే లేపితే, స్థానం ఖాయంగా తెలిసిన క్షణంలో డ్రోన్ గాలిలో ఎక్కడుంటే అక్కడినే ఇల్లుగా గుర్తుపెట్టుకునే ప్రమాదం ఉంది. అది చెట్టు మీదైనా కావచ్చు, చెరువు మీదైనా కావచ్చు. అది నమోదయ్యాక, తిరిగి వచ్చేటప్పుడు ఎంత ఎత్తులో రావాలో కూడా చూసుకున్నాము. చుట్టూ ఉన్నవాటిలో అన్నిటికంటే ఎత్తయిన చెట్టును అంచనా కట్టి, దానికి పైన కొంత జాగా ఉండేలా ఆ ఎత్తును మార్పించాను. కర్మాగారంలో పెట్టిన అంకెకు మన మైదానంలోని చెట్ల సంగతి తెలియదు కదా!

ఇక టేకాఫ్ విషయం. ఇక్కడ కొత్తవారిని దెబ్బతీసేది దూకుడు కాదు, భయం. భయంతో థ్రాటిల్‌ను, అంటే ఎత్తును పెంచే తగ్గించే స్టిక్కును, కొంచెం కొంచెంగా పైకి నెడతారు. డ్రోన్ పూర్తిగా లేవదు, పూర్తిగా ఆగదు, ఒక కాలు నేలకు ఆనుకుని పక్కకు జారుతూ ఉంటుంది. ఒంటి మీద వంపు ఉన్నదని గ్రహించిన ఫ్లైట్ కంట్రోలర్ దాన్ని సరిదిద్దడానికి ఒకవైపు మోటార్లకు శక్తి పెంచుతుంది. కాలు నేలకు ఆని ఉన్నంత సేపూ ఆ సవరణకు ఫలితం కనబడదు. ఫలితం కనబడనకొద్దీ అది సవరణను పెంచుకుంటూ పోతుంది. అలా కూడబెట్టినదంతా కాలు నేలను వదిలిన క్షణంలో ఒక్కసారిగా విరుచుకుపడి యంత్రాన్ని పల్టీ కొట్టిస్తుంది. పైగా రోటర్ వ్యాసానికి అటూ ఇటూ ఎత్తులో ఉన్నంత వరకూ, కిందికి తోసిన గాలి నేలకు కొట్టుకుని డ్రోన్‌ను అదనంగా పైకి నెడుతూ, పక్కల నుంచి సుడులు తిరుగుతూ ఉంటుంది. ఆ ఎత్తులో ఆగి నేర్చుకుందామనుకోవడం అన్నిటికంటే కష్టమైన చోట మొదటి పాఠం పెట్టుకోవడమే అవుతుంది. జంకు లేకుండా ఒకే ఊపులో మనిషి ఛాతీ ఎత్తు వరకు తీసుకువెళ్లి అక్కడ వదిలిపెట్టాలి.

ఇందుకోసం ఆటో టేకాఫ్ బటన్ వాడడం నామోషీ అనుకునేవారున్నారు. నాకు అలా అనిపించదు. అది చేసేది సరిగ్గా పైన చెప్పిన పనే, పైగా దానికి భయం ఉండదు. అందుచేత మొదటిసారి ఆ బటన్‌తోనే లేపించాను. డ్రోన్ తోక మా వైపు, ముక్కు అవతలి వైపు ఉండేలా పెట్టి, మేము కొన్ని అడుగులు వెనక్కి నిలబడ్డాము. లేచిన తరువాత అర నిమిషం పాటు ఏ స్టిక్కునూ ముట్టుకోనివ్వలేదు. మోటార్ల మోత ఒకే తీరుగా ఉన్నదా, డ్రోన్ ఉన్నచోటే నిలబడుతున్నదా, యాప్‌లో ఏ హెచ్చరికైనా వచ్చిందా అన్నవి తెలియడానికి ఆ కాస్త సమయం కావాలి. ఏదైనా తేడా ఉంటే అప్పటికి అది ఇంకా మనకు చేరువలోనే ఉంటుంది.

తరువాత కుడి స్టిక్కుతో ముందుకు, వెనక్కి, పక్కలకు కొంచెం కొంచెంగా కదిలించి చూసింది. తన రిమోట్ మోడ్ 2లో ఉన్నది, అంటే ఎత్తూ, ఉన్నచోటే తిరగడమూ ఎడమ స్టిక్కుతో, కదలికలు కుడి స్టిక్కుతో. జపాన్‌లో చాలామంది వాడే మోడ్ 1లో థ్రాటిల్ కుడివైపు ఉంటుంది. ఎవరిదో రిమోట్ అరువు తెచ్చుకుని చూసుకోకుండా లేపేవారికి ఈ తేడా తెలియకపోతే కష్టమే. డ్రోన్ ముక్కును మా వైపు తిప్పాలని ఆ పిల్ల ఉత్సాహపడింది గానీ ఈ రోజుకు వద్దన్నాను. ముక్కు మన వైపు తిరిగితే ఎడమ అన్నది కుడికి, కుడి అన్నది ఎడమకు పోతుంది. కంగారులో సరిదిద్దబోయిన చెయ్యి దాన్ని ఇంకా దూరం తోస్తుంది. అలాంటప్పుడు తోచక చేతులు వణికితే రెండు స్టిక్కులూ వదిలేయడమే మంచిదని మాత్రం చెప్పి ఉంచాను. జీపీఎస్ పట్టు ఉన్న డ్రోన్ బ్రేకు వేసుకుని నిలబడిపోతుంది.

గాలి కొద్దిగా పెరుగుతుండడంతో దూరం పంపించే ఆలోచన పెట్టుకోలేదు. బ్యాటరీ ఇంకా సగం ఉండగానే దించమన్నాను. లిథియం పాలిమర్ బ్యాటరీల వోల్టేజీ చివరి భాగంలో గబగబా పడిపోతుంది, కనుక కొత్త చేతికి 30 శాతం కంటే కిందికి పోవడం ఎప్పుడూ మంచిది కాదు. దిగేటప్పుడు నిటారుగా వేగంగా దించితే డ్రోన్ తాను తోసిన గాలిలోకే తాను పడి తూలుతుంది. అందుకని మెల్లగా దించించి, నేల తాకిన తరువాత మోటార్లు పూర్తిగా ఆగే దాకా థ్రాటిల్‌ను కిందికి పట్టి ఉంచమని చెప్పాను. ఆగీ ఆగకముందే చేత్తో అందుకోబోయింది గానీ, నేను వేసిన ఒక కేకతో వెనక్కి తగ్గింది.

ఇంటికి వచ్చాక బ్యాటరీని వెంటనే మళ్లీ నిండా ఛార్జ్ చేస్తానన్నది. మళ్లీ ఎగరేసేది వచ్చే ఆదివారం. లోపలి ఒక్కొక్క సెల్‌కు (విద్యుత్ ఘటానికి) 4.2 వోల్టుల దగ్గర నిండుగా ఉన్న బ్యాటరీని అన్ని రోజులు ఊరికే ఉంచితే దాని ఆయుష్షు తగ్గుతుంది, ఒక్కొక్కసారి ఉబ్బుతుంది కూడా. సెల్‌కు 3.8 వోల్టుల ప్రాంతంలో, అంటే సగానికి కాస్త అటూ ఇటూ ఉంచి, చల్లని చోట పెట్టమన్నాను. శనివారం రాత్రి నిండా ఛార్జ్ చేసుకుంటే సరిపోతుంది. వచ్చే వారం ముక్కును తన వైపు తిప్పుకుని సాధన చేయాలట. దానికి ముందు ఫోనులో సిమ్యులేటర్ పెట్టుకుని చేతికి అలవాటు చేసుకోమని చెప్పాను.